కొత్త ఫ్రేమ్ కొనబోయే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు కళ్లజోడు ఫ్రేమ్‌ల ఫోటోలూ చూశాను. నాలుగూ చూడ్డానికి బాగున్నాయి. కానీ దేన్ని దేనితో చేశారో ఒక్కదాని కిందా రాయలేదు. కాడ మీది కంపెనీ పేరు సంగతి తర్వాత చూద్దాం. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ముక్కు మీద మోసేది ఆ పేరును కాదు కదా!

మొదటిది, మందంగా తాబేలు చిప్ప చారలున్నది, అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ అయ్యుండాలి. పత్తి గింజలకు అంటుకుని మిగిలే నూగు నుంచో, చెక్క గుజ్జు నుంచో తీసిన సెల్యులోజ్‌తో దాన్ని తయారు చేస్తారు. రంగురంగుల ముక్కలు అతికి షీట్లు చేసి, అందులోంచి ఫ్రేమ్ కోస్తారు. తర్వాత చెక్క ముక్కలతో కలిపి పీపాల్లో గంటల తరబడి దొర్లించి నునుపు చేస్తారు. రంగు లోపలి దాకా ఉంటుంది కాబట్టి గీతలు పడినా మళ్లీ పాలిష్ పెట్టించుకోవచ్చు. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్‌కి చాలాసార్లు రంగు పైపూతే, కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. కొనేముందు అంచు చూడు. చారలు అంచు మీదుగా లోపలికి కొనసాగాలి. (అసలు తాబేలు చిప్ప కోసం హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేళ్లను చంపేవారు. దేశాల మధ్య ఆ చిప్ప వ్యాపారాన్ని, అంతరించిపోయే జీవులను కాపాడే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. ఎవరైనా 'ఒరిజినల్ చిప్ప' అని చూపిస్తే అక్కణ్నుంచి లేచి వచ్చెయ్.)

అసిటేట్‌కి వేడి పడదు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంకర పోతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ తగిలితే కరుగుతుంది. అయితే అదే వేడితో మెత్తబరిచి నీ చెవులకు, ముక్కుకు సరిగ్గా కుదిరేలా వంచుకోవచ్చు. నాకు అసిటేట్ అంటే ఇష్టం అందుకే.

మూడోది లోహపుది. చవక కమ్మలు పెట్టుకుంటే నీకు చెవులు దురద పెట్టి ఎర్రబడతాయి కదా, అది చాలావరకు నికెల్ పనే. లోహపు ఫ్రేమ్‌లలో ఎక్కువగా వాడే మోనెల్ అనే మిశ్రమ లోహంలో ప్రధానంగా ఉండేది నికెల్, రాగి. నీకు అది వద్దు. టైటానియం తీసుకో. ఉక్కు బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, చెమటకు తుప్పు పట్టదు. ఒక్క జాగ్రత్త. ఎటు వంచినా మళ్లీ యథాస్థితికి వచ్చే 'మెమరీ' ఫ్రేమ్‌ను కూడా టైటానియం అనే అమ్ముతారు, కానీ దాంట్లో బరువులో సగానికి పైగా నికెలే. టైటానియం విరిగితే మామూలు టంకంతో అతకదు, లేజర్ వెల్డింగ్ ఉన్నచోటికి తీసుకెళ్లాలి.

రెండోది టీఆర్90లా ఉంది. అది ఒక రకం నైలాన్. తేలిక, వంగుతుంది, ఆటలకు బాగుంటుంది. అసిటేట్‌లా వేడి చేసి మలచడం మాత్రం కష్టం. షాపులోనే సరిగ్గా కూర్చోకపోతే వదిలెయ్.

ఇక అసలు టెన్షన్ నాకు నాలుగో దాని గురించి. నీ పవర్ మైనస్ ఆరు. మైనస్ అద్దం మధ్యలో పలుచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. కాడ లోపలి వైపు 54, 18, 140 అని కనిపించింది. అంటే అద్దం వెడల్పు, ముక్కు దగ్గరి ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 72. నీ చీటీలో కనుపాపల మధ్య దూరం 62 అని ఉంది. ఆ పది మిల్లీమీటర్ల తేడా వల్ల రెండు అద్దాల కేంద్రాన్నీ ముక్కు వైపుకు ఐదేసి మిల్లీమీటర్లు జరపాలి. అప్పుడు బయటి అంచు సీసా అడుగులా కనిపిస్తుంది. ఈ కూడిక నీ 62కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 46, 18 దొరికితే చూడు. మందపాటి అసిటేట్ అంచులో అద్దం మందం కొంత దాక్కుంటుంది కూడా. అద్దం చుట్టూ అంచు (రిమ్) లేనిది మాత్రం నీకు వద్దు.

మొదటి ఫ్రేమ్‌లో చిన్న సైజు ఉందేమో కనుక్కో. పెట్టుకుని ఒకసారి కిందికి వంగి, గట్టిగా నవ్వి చూడు. జారినా, బుగ్గలకు తగిలినా అక్కడే సరిచేయించుకో. కాడ మీది అంకెలు ఫోటో తీసి పంపితే అద్దాల సంగతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ పెద్దనాన్న