2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ నడుస్తుందా?

2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ ఉన్న పదకొండు అంగుళాల ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 నత్తనడక నడుస్తోంది, లినక్స్ వేస్తే తేరుకుంటుందా, వేస్తే ఏ డిస్ట్రో (లినక్స్ రకం) వేయాలి అని అడిగారు. నా దగ్గర ఉన్నదీ దాదాపు అలాంటి మెషీనే. దాని మీద డెబియన్ అనే డిస్ట్రో వేసి, ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో చాలాకాలంగా పని చేసుకుంటున్నాను. రాతపని, పీడీఎఫ్‌లు, మెయిల్, చిన్న చిన్న పైథాన్ ప్రోగ్రాములు అన్నీ దాని మీదే. మీది కూడా తేరుకుంటుంది, ధైర్యంగా వేయండి. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ ఎలాగూ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అడుగుతుంది కాబట్టి మీకు ఆ దారి లేదు.

డిస్ట్రో పేరు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. లుబుంటు, ఎంఎక్స్, యాంటీఎక్స్, డెబియన్, ఏదైనా సరే డెస్క్‌టాప్ తేలికగా ఉంటే చాలు. 2 జీబీలో గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు. తేడా వచ్చేది హార్డ్‌వేర్ దగ్గరే. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి చూడండి. వైఫై కలుస్తోందా, స్పీకర్లలో సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ తగ్గుతోందా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా, ఇవన్నీ అప్పుడే తేలిపోతాయి. చౌక ల్యాప్‌టాప్‌లలో సౌండ్ చిప్‌ను చాలాసార్లు ట్యాబ్లెట్లలో లాగా ఐ2ఎస్ అనే కనెక్షన్ ద్వారా కలుపుతారు. ఏ మోడల్‌లో ఎలా కలిపారో లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే కెర్నల్‌కు తెలిస్తే గానీ సౌండ్ రాదు. నా దాంట్లో మొదట హెడ్‌ఫోన్‌లోనే వినపడేది. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్లు దొరికే విభాగం) నుంచి కొత్త కెర్నల్ వేశాక స్పీకర్లు కూడా పలికాయి. వైఫై సంగతి ఇప్పుడు చాలా నయం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై చిప్‌లకు కావాల్సిన ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది, విడిగా వెతుక్కునే పని తప్పింది.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించకపోతే అది పాడైందనుకోకండి. బే ట్రెయిల్ రకం ఆటమ్ ప్రాసెసర్లున్న పాత మెషీన్లలో చాలావాటికి ప్రాసెసర్ 64 బిట్, యూఈఎఫ్ఐ (మెషీన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే సాఫ్ట్‌వేర్) మాత్రం 32 బిట్. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఇన్‌స్టాలర్ ఇమేజ్‌లో 32 బిట్ బూట్‌లోడర్ లేకపోతే అలాంటి మెషీన్ దాన్ని గుర్తించనే గుర్తించదు. 32 బిట్ యూఈఎఫ్ఐని కూడా సపోర్ట్ చేసే ఇమేజ్ తీసుకుంటే సరిపోతుంది.

పాతది చెరిపే ముందు మీ ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోండి. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. 32 జీబీలో రెండు ఓఎస్‌లు పెట్టాలనుకోవద్దు, రెండూ ఇరుక్కుపోతాయి.

ఇక అసలు విషయం మెమరీ. ఈ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ సాధారణంగా ఈఎంఎంసీ అనే ఫ్లాష్ చిప్. బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి పాడైతే మార్చలేం. పైగా ఎస్ఎస్‌డీ కంటే బాగా నెమ్మది. దాని మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డేటా పెట్టే చోటు) పెడితే మెషీన్ మాటిమాటికీ ఆగుతుంది, చిప్ కూడా త్వరగా అరుగుతుంది. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్లు మీరే చేసుకుని స్వాప్ పెట్టకుండా వదిలేయండి, తర్వాత జెడ్‌ర్యామ్ వేయండి. ఇది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా వాడుతుంది, అందులోకి వెళ్లే డేటాను కుదించి పెడుతుంది. ఫెడోరా అనే డిస్ట్రోలో 2020 నుంచి ఇదే డిఫాల్ట్. డెబియన్‌లో అయితే జెడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసి, ర్యామ్‌లో సగం మేరకు కేటాయిస్తే సరిపోతుంది. నేను చేసిన మార్పులన్నిటిలో దీని వల్ల వచ్చినంత తేడా మరి దేని వల్లా రాలేదు. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడల్లా బిగుసుకుపోయే మెషీన్, ఇది వేశాక ఊపిరి పీల్చుకుంది.

ర్యామ్‌ను తినేది ఓఎస్ కన్నా ఎక్కువగా బ్రౌజరే. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ పెట్టుకోండి, ట్యాబ్‌లు నాలుగైదు దాటనివ్వకండి. వీడియోలు తడబడితే హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. బే ట్రెయిల్ చిప్‌లు హెచ్.264 రకం వీడియోను హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తాయి, వీపీ9 రకం వస్తే మాత్రం ఆ భారమంతా సీపీయూ మీద పడుతుంది. ఈ ఎక్స్‌టెన్షన్ యూట్యూబ్ నుంచి హెచ్.264నే తెప్పిస్తుంది. దాంతో 720పీ హాయిగా చూడొచ్చు.

సాఫ్ట్‌వేర్ వీలైనంత వరకు డెబియన్ సొంత ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తోనే వేసుకోండి. యాప్‌లు వేసుకునే మరో పద్ధతి అయిన ఫ్లాట్‌ప్యాక్‌లో మొదటి యాప్ వేయగానే దాని రన్‌టైమ్‌లతో కలిపి ఒకటి రెండు జీబీలు పోవచ్చు. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే టూల్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ కీబోర్డ్ లేఅవుట్లు రెండూ వస్తాయి. వీడియో ఎడిటింగ్, రోజంతా వీడియో కాల్స్ మీ అవసరమైతే మాత్రం దీని మీద టైమ్ పెట్టకండి, 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చూసుకోండి.