సీ భాషలో చిన్న కమాండ్లు రాసే అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తోటివాళ్లు వెబ్‌సైట్లు, యాప్‌లు చేస్తుంటే వీడు సెలవులకు ఇంటికి వచ్చినా ఫైలులోని వరుసలు, అక్షరాలు లెక్కించే చిన్న కమాండ్లు సీ భాషలో రాస్తూ కూర్చుంటున్నాడు. దీనివల్ల ఉపయోగం ఉందా? మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. అయితే ఇతరులు నమ్మి వాడుకునే స్థితికి తెచ్చినప్పుడే ఇలాంటి ప్రోగ్రాములకు విలువ వస్తుంది కనుక, మొదలుపెట్టినదాన్ని అక్కడిదాకా తీసుకువెళుతున్నాడా లేదా అని మాత్రం తప్పక అడగండి.

అతను పట్టుకున్న పద్ధతి పాతదే గానీ పనికిరానిది కాదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సీ భాషలో తిరగరాసిన 1973లోనే, దాన్ని తయారుచేసిన బెల్ ల్యాబ్స్‌లోని డగ్ మెక్‌ఇల్రాయ్ పట్టుదల వల్ల, ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా మరో కమాండ్‌కు అందించే పైపు కూడా అందులో చేరింది. అప్పటినుంచి ఒక కమాండ్ ఒకే పనిని చక్కగా చేయాలన్న పద్ధతి స్థిరపడింది. వందల కమాండ్లను ఒకే ఫైలులో ఇమిడ్చిన బిజీబాక్స్ కూడా సీ భాషలో రాసినదే. అది నేటికీ ఎన్నో వైఫై రౌటర్లలో పనిచేస్తోంది.

అక్షరాలు లెక్కిస్తున్నాడన్నారు కాబట్టి, ‘తిరుపతి’ అన్న మాటను తన కమాండ్‌కు ఇచ్చి చూడమనండి. మన కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు వేరే సంకేతాలు ఉంటాయి కనుక ఆ లెక్కలో ఏడు. ఆ సంకేతాలను ఫైలులో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక మొత్తం 21 బైట్లు. సీ భాషలో ఇన్‌పుట్ చదివే గెట్‌చార్ ఫంక్షన్‌తో ఒక్కొక్క బైటు చదివే ప్రోగ్రాం 21 అని చెబుతుంది, వరుస చివరి గుర్తు కూడా కలిస్తే 22 అంటుంది. మొదటి రెండు బిట్లు 10గా ఉన్న బైట్లను లెక్కలోకి తీసుకోకపోతే ఏడు వస్తుంది. నాలుగు రావాలంటే మాత్రం గుణింతాలు, ఒత్తులు ఎలా కలుస్తాయో ప్రోగ్రాముకు నేర్పాలి, అది నిజంగా కష్టమైన పని. నాలుగు, ఏడు, 21 అనే ఈ మూడు అంకెలు ఎందుకు వేరుగా వస్తున్నాయో, గెట్‌చార్ ఇచ్చే విలువను ఒక్క బైటే పట్టే క్యార్ రకంలో కాకుండా అంతకన్నా పెద్దదైన ఇంట్ రకంలో ఎందుకు ఉంచాలో ఇంటర్వ్యూలో వివరించగల విద్యార్థిని నేనైతే ఎంతో గౌరవిస్తాను.

సీ మీద పట్టు ఉన్నవారికి ఫర్మ్‌వేర్ (పరికరాల లోపలే ఉండి వాటిని నడిపే సాఫ్ట్‌వేర్), నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్ విభాగాల్లో ఉద్యోగాలు ఉంటాయి. వాటికోసం ఎక్కువగా బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వైపు చూడాలి. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లోనూ సీ ప్రోగ్రామింగ్ ఉంది. అయినా క్యాంపస్ నియామకాలకు ఇది ఒక్కటే చాలదు. డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్, జావా లేదా పైథాన్ మూడో సంవత్సరం ముగిసేలోగా గట్టిగా నేర్చుకోవాలి, అందులో రాజీ వద్దు.

అతను రాసిన కమాండ్లలో రెండింటిని ఎంచుకొని, వాడే విధానం వివరించే పుట, పరీక్షలు జతచేసి ప్రోగ్రాములను ఇతరులు చూసేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టమనండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీరే పక్కన కూర్చుని, లేని ఫైలు పేరు ఒకటి ఇచ్చి చూడండి. ఏ ఫైలు దొరకలేదో స్పష్టంగా చెప్పాలి, ఆ సందేశం మామూలు ఫలితంలో కలవకుండా తప్పుల సందేశాలకు విడిగా ఉండే స్టాండర్డ్ ఎర్రర్‌కు వెళ్లాలి, ప్రోగ్రాం పని విఫలమైందని తెలిపే సున్నా కాని విలువతో ముగియాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా, కొత్త కమాండ్ మొదలుపెట్టే ముందు దాన్ని సరిచేయమనండి.