నలభై ఆరేళ్ళకి మంగు మచ్చలు, పల్చబడే పాపిడి: శశిరేఖతో పోల్చుకోకండి

మీ ప్రశ్న చదివానండి. వయసు నలభై ఆరు, ఉండేది విశాఖలోనే, రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు వచ్చాయి, పాపిడి దగ్గర జుట్టు పల్చబడుతోంది అన్నారు. రాత్రిళ్ళు పాత సినిమాలు చూస్తుంటే మాయాబజార్‌లో శశిరేఖగా సావిత్రి మొహం అద్దంలా కనిపిస్తోందనీ, ఆ రోజుల్లో శనగపిండి, పసుపే కదా వాడేవాళ్ళు, మనకూ అవి సరిపోవా అనీ అడిగారు. నాకు యాభై రెండు. ఎంవీపీ కాలనీలో ఉంటాను. మంగూ, జుట్టు రాలడమూ రెండూ నాకూ వచ్చాయి. పాత సినిమాల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు సినిమా సంగతి. 1957లో ఆ సినిమా వచ్చేనాటికి సావిత్రికి పాతికేళ్ళు కూడా నిండలేదు. పైగా తెర మీద మీరు చూస్తున్న ఆ నునుపు మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనం. పడవ పాటలో మనం మైమరచిపోయే వెన్నెల కూడా ఆయన లైట్లతో, కెమెరాతో పుట్టించిందే. అప్పటి స్టూడియోల్లో హీరోయిన్ల మొహానికి పాన్‌కేక్ మేకప్ మందంగా పట్టించేవాళ్ళు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి సరైన ఫిల్టరు పెడితే ఎర్రటి మచ్చలు, మొటిమల గుర్తులు వెలిసిపోయినట్టు వస్తాయి. ఎదురుగా మెత్తటి లైటు పడితే ముడతల నీడ పడదు. 2010లో వచ్చిన రంగుల ప్రింటులో కనిపించే చర్మం రంగు అయితే కంప్యూటర్‌లో అద్దింది. ఇదంతా మీ ఆనందం పాడు చేయడానికి చెప్పడం లేదు. ఆ పనితనం తెలిశాక నాకు ఆ సినిమా ఇంకా ఎక్కువ నచ్చింది. కానీ దాన్ని చూసి మీ బుగ్గల్ని తిట్టుకోకండి.

మన వయసు పాత్రలు చూడాలనిపిస్తే గుండమ్మ కథలో సూర్యకాంతం గారిని చూడండి. ఆవిడ 1924లో పుట్టారు, ఆ సినిమా 1962లో వచ్చింది. అంటే అంత గయ్యాళి అత్తగా నటించేనాటికి ఆవిడకి నలభై కూడా లేవు. మూతి తిప్పడం, కళ్ళతోనే ఎదుటివాళ్ళని కొలవడం, ఒక్క క్షణంలో గర్వం దిగిపోయి మొహం చిన్నబోవడం... ఆవిడ ఉన్న సీన్లో నా కళ్ళు ఇంకొకరి మీదకి పోవు. నటనలో అంత అందం ఉంటుందని నాకు ఈ వయసులోనే బాగా తెలిసింది.

ఇక మంగు. ఇది ఎండకీ, హార్మోన్లకీ, కొంత వంశానికీ సంబంధించింది. ముట్లు ఆగే ముందు నాలుగైదేళ్ళు ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువ తక్కువలు అవుతూ ఉంటుంది. ఆగాక మొదటి ఐదేళ్ళలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. చర్మం పొడిబారడం, పల్చబడటం అందుకే. విశాఖలో చెమట వల్ల పైకి జిడ్డుగానే ఉంటుంది కాబట్టి మనకి ఆ పొడితనం తెలియదు. సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుగుతాం, ఇంకా పొడిబారుతుంది. రోజుకి రెండుసార్లు మామూలు ఫేస్‌వాష్, తడి ఆరకముందే మాయిశ్చరైజర్. అంతకన్నా కడగక్కర్లేదు.

మంగుకి అసలు మందు సన్‌స్క్రీన్. మనవాళ్ళు చేతికి శనగగింజంత తీసుకుని మొహమంతా రాసేస్తారు, అది చాలదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ఎంత వస్తుందో అంత కావాలి, మొహానికీ మెడకీ కలిపి. ఎస్‌పీఎఫ్ 30 చాలు, 50 అయితే మరీ మంచిది. జింక్ ఎక్కువగా ఉన్నవి మన రంగు మీద బూడిద పూసినట్టు తెల్లగా తేలతాయి. అందుకని టింటెడ్, అంటే రంగు కలిపిన రకం తీసుకోండి. ఆ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ మంగు ఉన్నవాళ్ళకి అదనపు మేలు చేస్తుంది, ఎందుకంటే మామూలు వెలుతురుకి కూడా మంగు ముదురుతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. చెమటలో అది కుదరదు అంటారా, గొడుగు పట్టుకోండి. నేను ఆర్కే బీచ్ దగ్గరికి నడకకి వెళ్ళినా సంచిలో గొడుగు ఉంటుంది. మనకి సముద్రం తూర్పున ఉంది. వేసవిలో ఐదున్నరలోపే సూర్యుడు వచ్చేస్తాడు, ఏడున్నర ఎనిమిదికల్లా ఎండ నేరుగా మొహాన చురుక్కుమంటుంది. చీకటితో వెళ్ళి ఆలోపు ఇంటికి వచ్చేయడం మంచిది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. మెడికల్ షాపులో అడిగి తెల్లబడే క్రీము కొనకండి. మా తోడికోడలు అలాగే ఒక షాపులో ఇచ్చిన ట్యూబు వాడింది. మొదట్లో మొహం మెరిసిపోయింది, అందరూ ఏం వాడుతున్నావని అడిగారు. ఆపగానే మంట, ఎరుపు, సన్నటి రక్తనాళాలు పైకి కనిపించడం, గడ్డం మీద రోమాలు. అది మూడు మందులు కలిపిన క్రీము, అందులో ఒకటి స్టెరాయిడ్. ఆ మూడు మందుల క్రీము డాక్టరు చూసి, ఇన్ని వారాలే అని చెప్పి ఇస్తే మంగుకి మందే. ఎవరికి వారు నెలల తరబడి రాసుకుంటే చర్మాన్ని తినేస్తుంది.

శనగపిండి మానేయక్కర్లేదు, నలుగు పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది. గట్టిగా రుద్దకండి, రుద్దితే మంగు నల్లబడుతుంది. నిమ్మరసం మాత్రం వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళితే కాలిన మచ్చలు పడతాయి.

జుట్టు విషయంలో ముందు రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్, బీ12, విటమిన్ డీ. మన వయసులో నెలసరి ఎక్కువగా అవుతుంటే ఒంట్లో ఇనుము నిల్వలు తరిగిపోతాయి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ పడిపోవచ్చు, నాకు అదే అయింది. ఈ మధ్య డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చిందేమో కూడా గుర్తు చేసుకోండి. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంది, తర్వాత దానంతటదే వస్తుంది. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే.

అలా కాకుండా పాపిడి నెమ్మదిగా వెడల్పు అవుతుంటే అది వేరే సంగతి. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, తల ఆరాక, పాపిడి ఫొటో తీయించుకోండి. అద్దంలో తెలియని తేడా ఫొటోలో తెలుస్తుంది. అలా పాపిడి వెడల్పు అవుతుంటే డాక్టరు మినాక్సిడిల్ అనే మందు రాస్తారు. మొదటి వారాల్లో ఇంకొంచెం ఎక్కువ రాలుతుంది, భయపడి ఆపకండి. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, మానేస్తే వచ్చింది మళ్ళీ పోతుంది. నేను వాడుతున్నాను. చిన్నప్పటి జడ తిరిగి రాలేదు గానీ, పాపిడి మళ్ళీ సన్నబడింది.

కొబ్బరినూనె వెంట్రుక విరగకుండా కాపాడుతుంది, కొత్త జుట్టు మొలిపించదు. చుండ్రు ఉంటే నూనెతో రాత్రంతా ఉండొద్దు, గంటసేపు ఉంచి కడిగేయండి. కుంకుడుకాయ ఇష్టమైతే పూర్ణా మార్కెట్లో మంచివి దొరుకుతాయి, వారానికోసారి చాలు. చెమట పట్టిన మిగతా రోజుల్లో మామూలు షాంపూ పెట్టినా తప్పులేదు. తెల్ల వెంట్రుకలకి రంగు వేసేటట్టయితే చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి. నల్ల హెన్నా అని అమ్మే పొట్లాల్లో కూడా చాలావాటిలో పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది, అది పడకపోతే కళ్ళు మూసుకుపోయేంత వాపు వస్తుంది. ఒట్టి గోరింటాకు పొడి ఎర్రగానే పండుతుంది, నల్లగా పండిందంటే అందులో ఇంకేదో కలిపినట్టే.

ప్రైవేటులో ఫీజులు భారమనుకుంటే కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) చర్మవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఇప్పటిదాకా మొహానికీ తలకీ రాసిన ట్యూబులు, సీసాలు, సగం వాడి పక్కన పెట్టినవి కూడా, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్ళండి. రక్త పరీక్ష రిపోర్టు వచ్చాక ఫెరిటిన్ ఎంత ఉందో ఇక్కడ రాయండి, నాకు ఏ మోతాదు ఇచ్చారో, ఎన్నాళ్ళకి పెరిగిందో చెబుతాను.