ప్రూఫ్ నాణెం అని చెప్పి మామూలుది అమ్మారు... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు ఎన్టీఆర్ అభిమాని. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు ఇద్దామని ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల వెండి నాణేన్ని ఆన్‌లైన్‌లో ఒక నాణేల వ్యాపారి దగ్గర 9,500 రూపాయలకు కొన్నాను. ప్రకటనలోనూ బిల్లులోనూ ‘ప్రూఫ్’ అని రాసి ఉంది. ఎనిమిది నెలల తర్వాత, నాణేలు సేకరించే ఒక పెద్దాయన దాన్ని చూసి, ‘ఇది ప్రూఫ్ కాదు బాబూ, యూఎన్‌సీ. పైగా ఎవరో పాలిష్ పట్టారు’ అన్నారు. వ్యాపారిని అడిగితే, ‘ప్రూఫ్ అంటే వాడకంలోకి రాని నాణెం అనే అర్థం. నాణెం అసలుదే కదా! అమ్మిన సరుకు వాపసు తీసుకోం అని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. నేను పోలీసుల దగ్గరకు వెళ్లాలా, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లాలా? అసలు ఇది కేసు అవుతుందా?

జవాబు: అవుతుంది. చట్టం మీ వైపే గట్టిగా ఉంది. అయితే మీ చేతిలో ఉన్నది ఏ రకం నాణెమో వినియోగదారుల కమిషన్ (మీరు కన్జ్యూమర్ కోర్టు అన్నది ఇదే) ముందు చూపించగలగాలి. ఇలాంటి కేసులు తేలిపోయేది అక్కడే. అందుకే ముందు నాణెం సంగతి చెబుతాను, చట్టం సంగతి తర్వాత.

ఇది చదివిన క్షణం నుంచి ఆ నాణేన్ని తుడవకండి, కడగకండి, వేలితో తాకకండి. ఎలా వచ్చిందో అలాగే దాని ప్యాకింగ్ ఫోల్డర్‌లో ఉంచండి. అది ఇప్పుడు మీ సాక్ష్యం.

‘ప్రూఫ్’ అనేది నాణెం ఎంత కొత్తగా ఉందో చెప్పే మాట కాదు, దాన్ని ఎలా తయారు చేశారో చెప్పే మాట. ప్రూఫ్ కోసం మింట్‌లో, అంటే ప్రభుత్వ నాణేల తయారీ కేంద్రంలో, అచ్చును అద్దంలా మెరుగుపెడతారు. ముద్ర పడబోయే బిళ్లను కూడా మెరుగుపెడతారు. ఆ తర్వాత ఎక్కువ ఒత్తిడితో ఒకటికి రెండుసార్లు కొడతారు. అచ్చులో బొమ్మ ఉన్న చోటును మాత్రం సన్నటి గరుకుతో ఉంచుతారు. అందుకే నాణెం మీద ఖాళీ జాగా నల్లటి అద్దంలా, ముఖం మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తాయి. యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అంటే మామూలు పద్ధతిలో కొట్టి, జనం చేతుల్లోకి పోకుండా నేరుగా ప్యాక్ చేసింది. రెండూ వాడనివే. మీ వ్యాపారి చెప్పిన అర్థం యూఎన్‌సీకి సరిపోతుంది, ప్రూఫ్‌కి కాదు. రోజూ నాణేలు అమ్మే మనిషికి ఈ తేడా తెలియదంటే నమ్మడం కష్టం.

మీ నాణేన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2023 ఆగస్టు 28న విడుదల చేశారు. హైదరాబాద్ మింట్‌లో, అంటే చర్లపల్లిలో తయారైంది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్. దీన్ని మింట్ ప్రూఫ్‌గానూ అమ్మింది, యూఎన్‌సీగానూ అమ్మింది. బరువు, లోహం రెండింటికీ ఒకటే. కాబట్టి కంసాలి దగ్గర తూకం వేయించినా తేడా తెలియదు. గీటురాయి మీద గీయించారో, ఉన్న సాక్ష్యం కాస్తా పాడవుతుంది. హైదరాబాద్ మింట్ గుర్తు అయిన చిన్న నక్షత్రాన్ని చూపించి ‘ఇదిగో ప్రూఫ్ ముద్ర’ అనేవాళ్లు కూడా ఉన్నారు. అది ఏ మింట్‌లో తయారైందో చెప్పే గుర్తు మాత్రమే. ముంబయి మింట్ ప్రూఫ్ నాణేల మీద ‘ఎం’ అక్షరం వేస్తుంది కాబట్టి అక్కడ ఆ లెక్క కొంత పనికొస్తుంది, హైదరాబాద్ నాణేనికి పనికిరాదు.

మరి ఎలా చూడాలి? రాత్రిపూట గదిలో మిగతా లైట్లు ఆపేసి ఒక్క టేబుల్ లైట్ వేయండి. ఫోల్డర్‌తో సహా నాణేన్ని దాని కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. యూఎన్‌సీ అయితే వెలుగు బండిచక్రం ఆకుల్లా నాణెం మీద గుండ్రంగా తిరుగుతుంది. ప్రూఫ్ అయితే అలా తిరగదు. ఖాళీ జాగా ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో అద్దంలా మెరుస్తుంది. దాని పక్కన పేపరు ముక్క పెడితే అక్షరాల నీడ స్పష్టంగా అందులో కనిపిస్తుంది. ఇక పాలిష్ పట్టిన యూఎన్‌సీలో ఆ చక్రం తిరుగుడూ ఉండదు, నల్లటి లోతూ ఉండదు. భూతద్దంతో చూస్తే వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. బొమ్మ ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే ముక్కు, నుదురు దగ్గర మెరుపు ఎక్కువ ఉంటుంది. గుడ్డ చేరని అక్షరాల సందుల్లో మెరుపు పాత తీరులోనే మిగిలిపోతుంది. అసలు ప్రూఫ్‌లో దీనికి తలకిందులు: ఎత్తుగా ఉన్న ముఖం మసక తెలుపు, సందుల దాకా ఖాళీ జాగా అంతా అద్దం.

ఈ చివరి తేడా మీ కేసుకు ప్రాణం. ఎందుకంటే నోటీసు అందగానే వ్యాపారి వేసే మొదటి ఎత్తు ఇదే: ‘నేను ప్రూఫే పంపాను, ఈయనే తుడిచి పాడుచేశాడు’. ప్రూఫ్‌ను ఎవరైనా తుడిస్తే అది పాడైన ప్రూఫ్ అవుతుందే గానీ యూఎన్‌సీగా మారిపోదు. చదునుగా, పదునుగా ఉండే అంచు, రెండుసార్లు కొట్టినందువల్ల అక్షరాలకు వచ్చిన తీరు, సందుల్లోని అద్దం అలాగే ఉంటాయి. అటు యూఎన్‌సీని ఎంత రుద్దినా ప్రూఫ్ అవదు. నాణెం రకం ముద్ర పడిన క్షణంలోనే ఖాయమైపోతుంది. తెలిసిన వ్యక్తి చూస్తే ఏది జరిగిందో చెప్పగలరు.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) ప్రకారం, వస్తువు ఫలానా ప్రమాణం, నాణ్యత, గ్రేడు, రకానికి చెందినదని అబద్ధం చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. సెక్షన్ 2(10)లో ‘లోపం’ అంటే వస్తువు పగిలిపోవడమో పనిచేయకపోవడమో మాత్రమే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి తగ్గి ఉండటం కూడా లోపమే. సరుకుల అమ్మకం చట్టం, 1930 సెక్షన్ 15 ఇంకా సూటిగా చెబుతుంది: వర్ణన చెప్పి అమ్మితే, సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. బిల్లులో ‘ప్రూఫ్’ అని రాశారంటే అదే వర్ణన. ‘నాణెం అసలుదే కదా’ అన్నది దానికి జవాబు కాదు. అసలుది కాదని మీరూ అనడం లేదు!

‘వాపసు తీసుకోం’ అన్న రాత గురించి మీకు భయం అక్కర్లేదు. చెప్పినదాన్ని ఇచ్చినప్పుడు, కొన్నవాళ్లు ఊరికే మనసు మార్చుకుంటే ఆ రాత అడ్డొస్తుంది. చెప్పింది ఇవ్వనప్పుడు దాని చాటున దాక్కోలేరు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కూడా, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

ఇంకో వాదన రావచ్చు. నాణెం డబ్బు, సరుకు కాదు, కాబట్టి ఈ చట్టాలు వర్తించవని. సరుకుల అమ్మకం చట్టం ‘డబ్బు’ను మినహాయించిన మాట నిజమే. కానీ 1899లో ఇంగ్లండ్‌లో మాస్ వర్సెస్ హాన్‌కాక్ కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. పనివాడు యజమాని ఇంట్లో ఐదు పౌండ్ల బంగారు నాణేన్ని దొంగిలించి, వింత వస్తువులు అమ్మే దుకాణదారుకు అమ్మేశాడు. ఆ నాణెం చెలామణి డబ్బుగా కాక సేకరణ వస్తువుగా చేతులు మారింది కాబట్టి యజమానికి తిరిగి ఇవ్వాలని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, అందులోని తర్కం మీకు ఉపయోగపడుతుంది. వంద రూపాయల నాణేన్ని 9,500 పెట్టి డబ్బుగా ఎవరూ కొనరు.

పోలీసుల దగ్గరకు ఇప్పుడే వెళ్లొద్దని నా సలహా. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నిలబడాలంటే, అమ్మేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఇదే వ్యాపారి ఇలాగే పాలిష్ పట్టిన నాణేలను పదిమందికి ప్రూఫ్ పేరుతో అమ్మాడని తేలితే అప్పుడు సంగతి వేరు. ఒక్క నాణెంతో స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ వ్యవహారం’ అని పంపించేస్తారు, మీకు టెన్షన్ మిగులుతుంది.

ముందు ఆ ప్రకటన పేజీని, వాట్సాప్ మాటలను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, రేపు పేజీ మాయం కావచ్చు. ‘ప్రూఫ్ అంటే వాడని నాణెం’ అన్న మెసేజ్ మీ దగ్గర ఉంటే దాన్ని ప్రాణంలా కాపాడుకోండి. తాను పంపింది ఏమిటో ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నట్టు. ఆ పెద్దాయన చేత తాను ఏం చూశారో, ఎందుకు యూఎన్‌సీ అంటున్నారో అఫిడవిట్ రాయించండి. ఇదే నాణెం ప్రూఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే, రెండింటినీ ఒకే లైట్ కింద పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. వంద పేజీల వాదన కంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ చెబుతుంది.

చాలామందికి తట్టని దారి ఇంకోటి ఉంది. మింట్‌లను నడిపే ఎస్‌పీఎంసీఐఎల్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. ఎన్టీఆర్ నాణెం ప్రూఫ్‌ను ఏ ప్యాకింగ్‌లో అమ్మారు, యూఎన్‌సీని ఏ ప్యాకింగ్‌లో అమ్మారు, రెండింటి తయారీలో తేడా ఏమిటి అని పది రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తయారుచేసిన మింటే చెప్పిన అర్థం ముందు వ్యాపారి సొంత అర్థం నిలవదు.

ఈలోగా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. చాలా వ్యవహారాలు ఆ దశలోనే తేలిపోతాయి. తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వ్యాపారి ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తుంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అవసరమైతే నాణేన్ని సీలు వేసి పరీక్షకు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది, దాని కోసం పిటిషన్ వేయండి. మార్చి ఇవ్వమని అడగకుండా, 9,500 వడ్డీతో వెనక్కి ఇప్పించమనీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు ఇప్పించమనీ అడగండి. ఒకసారి ఇలా చేసిన మనిషి పంపే రెండో నాణేన్ని నమ్మి మళ్లీ పరీక్షలు చేయించే ఓపిక మీకెందుకు?

ఒక జాగ్రత్త. మళ్లీ అమ్మి లాభం చేసుకోవడానికి కొన్నవాళ్లను ఈ చట్టం వినియోగదారులుగా చూడదు. మీరు నాన్నగారికి కానుకగా కొన్నారు, ఆ మాట ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి. గడువు రెండేళ్లు. ఎనిమిది నెలలు ఇప్పటికే గడిచాయి కాబట్టి నోటీసు ఈ వారంలోనే పంపండి.