ముందు ఉయ్యాలంత బొంత కుట్టు

బుజ్జీ,

అక్క బిడ్డకి అమ్మమ్మ పాత చీరలతో ఇలాంటిది కుడతానంటూ నువ్వు పంపిన ఫోటో చూశాను. డబుల్ కాట్ బొంత, మధ్యలో పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకీ పిట్టలు. బాగుంది. కానీ నువ్వు ఇప్పటివరకు కుట్టిందల్లా చొక్కాకి ఊడిన గుండీ. అక్క కాన్పుకేమో మూడు నెలలే ఉంది. ఆ చెట్టు సంగతి పక్కన పెట్టి, ఉయ్యాలలో పట్టేంత బొంత మొదలుపెట్టు. 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు, అంతే. చిన్నదైతే తేలికని కాదు. పెద్ద బొంతలో వచ్చే తిప్పలన్నీ దీంట్లోనూ వస్తాయి, కాకపోతే విప్పి మళ్లీ కుట్టుకునే ఓపిక మిగులుతుంది.

అమ్మమ్మ చీరల్లో నూలువే తియ్యి. పాలిస్టర్ కలిసినవి చెమట పీల్చవు. ఒక్కో చీరనీ కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడు. జల్లెడలా వెలుతురు కారే చోటు వదిలెయ్. కూర్చునే దగ్గరా, కాళ్ల దగ్గర అంచూ ముందు అరుగుతాయి. నడుం దగ్గర లోపలికి దోపుకునే కొస మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. 5.5 మీటర్ల చీరలో నీకు కావలసిన ముక్కలు ఆరు వస్తాయి. అరిగినవి పోను మూడు దక్కినా చాలు.

రంగు దిగుతుందేమో చూడకుండా ఏ చీరకీ కత్తెర పెట్టకు. నా మొదటి బొంతలో లోపల మెరూన్ చీర, పైన తెల్ల బట్ట. మొదటి ఉతుకుకే తెలుపంతా మచ్చలు మచ్చలుగా గులాబీ రంగైంది. మా అమ్మ తిట్టలేదు. "గులాబీ కూడా బాగానే ఉందిలే" అంది. ఆ 'లే' ఇప్పటికీ గుచ్చుతుంది. తడిపిన చీర మీద తెల్ల గుడ్డ వేసి గట్టిగా అదుము. రంగంటితే రెండుసార్లు ఉతికి మళ్లీ చూడు. అప్పటికీ వదులుతుంటే అది బొంతకి పనికిరాదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని నేనూ అందరికీ చెప్పేదాన్ని. బట్టకి రంగు అద్దేటప్పుడు ఉప్పు పనికొస్తుంది గానీ, అద్దేసిన రంగుని అది పట్టి ఉంచదు.

పై పొరకి కొత్త కేంబ్రిక్, అంటే సన్న నూలు బట్ట, మీటరుంబావు కొను. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ వచ్చి, గ్రీన్ లైన్ మారితే ఒక్క స్టేషనే చిక్కపేట. అవెన్యూ రోడ్ మీద రాజా మార్కెట్‌లో దారాలు, సూదులు, కుట్టేటప్పుడు బట్ట బిగించే రింగు అన్నీ దొరుకుతాయి. అక్కడ అద్దాలు, పూసలు చూసి మనసు పారేసుకోకు. లంబాడీవాళ్ల పనిలో అవి ఎంత అందంగా ఉన్నా, పసిపిల్ల నోట్లోకి పోయే వస్తువేదీ ఈ బొంత మీద ఉండకూడదు. బట్ట ఇంటికి తెచ్చాక ముందు ఉతికి ఆరబెట్టు, కొత్త నూలు కుంచించుకుపోతుంది. లోపల దూది పెట్టాలా అని అడిగావు. వద్దు. ఉత్త దూది రెండు ఉతుకులకే ఉండలు కడుతుంది. బెంగళూరు చలికి మూడు పొరల పాత చీర చాలు.

ఇక ఎంబ్రాయిడరీ. దీన్ని పొరలన్నీ కలిపాక చెయ్యాలా, ముందే చెయ్యాలా అన్నది నీ మొదటి ప్రశ్న కావాల్సింది, నువ్వు అడగనేలేదు. బెంగాల్ కాంథా బొంతల్లో పొరలన్నిటినీ కలిపే బొమ్మ కుడతారు, అది చెయ్యి తిరిగినవాళ్ల పని. నువ్వు పై బట్ట మీద ముందే కుట్టెయ్. వెనకవైపు ముళ్లు, దారాల చిక్కులు లోపలే దాక్కుంటాయి. కుట్టేకొద్దీ బట్ట లాగేసుకుంటుంది కాబట్టి 34 బై 44 అంగుళాలు కత్తిరించి, పని అయ్యాక సైజుకి కత్తిరించు. మూలకో పూల కొమ్మ, మధ్యలో ఒక్క పిట్ట చాలు. కాడకుట్టు, గొలుసుకుట్టు, ఆకులకి లేజీ డేజీ అనే విడి గొలుసు కుట్టు, ఈ మూడూ వస్తే అన్నీ అయిపోతాయి. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులుంటుంది, రెండు పోగులే విడదీసి వాడు. వేలి కొస నుంచి మోచెయ్యి దాకా పొడవు తీసుకో, అంతకు మించితే చిక్కుపడుతుంది. రాత్రి పడుకునే ముందు రింగు తీసెయ్, లేకపోతే ముడత పడిపోతుంది. బొమ్మ గీసే నీలం పెన్ను నీళ్లకి పోయేదే, కానీ కడగకుండా ఇస్త్రీ చేశావంటే ఆ గీత అక్కడే ఉండిపోవచ్చు.

ఇప్పుడు ఎవరికీ నచ్చని పని చెబుతాను. నువ్వు తొందరపడి వదిలేసేదీ ఇదే అవుతుంది.

హాల్లో టీపాయ్ జరిపి నేల తుడువు. అడుగు చీర ముక్కని తిరగేసి పరిచి, బిగుతుగా, సాగకుండా, నాలుగువైపులా టేపుతో నేలకి అంటించు. ఈ ముక్క మిగతావాటికన్నా నాలుగువైపులా 2 అంగుళాలు ఎక్కువుండాలి. దాని మీద లోపలి పొరలు రెండూ, ఆ పైన ఎంబ్రాయిడరీ బట్ట. ఒక్కో పొర వేసినప్పుడల్లా అరచేత్తో మధ్య నుంచి అంచుకి నిమురు. తర్వాత మధ్యలో మొదలుపెట్టి కచ్చా కుట్టు వెయ్యి, అంటే చివర్లో విప్పి పారేసే పెద్ద పెద్ద కుట్లు. నాలుగంగుళాలకో వరస, నిలువుగానూ అడ్డంగానూ. నడుం పట్టేస్తుంది, రెండు గంటలు పడుతుంది, చూడ్డానికి ఏమీ కనిపించదు. అయినా చెయ్యి. నేను ఒకసారి గుండుసూదులతో సరిపెట్టి, పది రోజులు కుట్టాక తిరగేసి చూస్తే అడుగున చీర చెయ్యి మందాన మడత పడి, దాని మీంచే కుట్లన్నీ పోయి ఉన్నాయి. విప్పడానికే వారం పట్టింది.

బొంత కుట్టు మామూలు రన్నింగ్ కుట్టే, సూది పైకీ కిందికీ పోతూ వరసగా వేసేది. సూదిని నిలువుగా దించి, కింద చెయ్యి పెట్టి మొన తగిలిందో లేదో చూసుకో. తగల్లేదంటే అడుగు పొర పట్టలేదన్నమాట. దారం చివర ముడి వేసి, అంగుళం అవతల సూది గుచ్చి, కుట్టు మొదలయ్యే చోట పైకి తీసి చిన్నగా లాగు. టప్‌మని ముడి లోపలికి దూరిపోతుంది. మొదటిసారి ఆ చప్పుడు వినపడ్డాక నువ్వే ఫోన్ చేస్తావు నాకు. మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ పో, పిట్ట మీంచి మాత్రం కుట్టకు, దాని చుట్టూ తిరుగు. అంగుళానికో వరస అయితే 40 వరసలు, నీ చేతికి వరసకి పావుగంట అనుకో, మొత్తం 10 గంటలు. రోజుకి అరగంట కూర్చుంటే 20 రోజులు. అరంగుళానికో వరస అయితే దానికి రెట్టింపు. మొదటిదానికి అంగుళం చాలు. కుట్లు సమానంగా రావడం లేదని టెన్షన్ పడకు, ఉతికాక బట్ట ముడుచుకుని సగం తప్పులు కనిపించవు.

ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ వైపు సిద్దీ ఆడవాళ్లు, అంటే ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి, దీనికి పూర్తిగా తలకిందులుగా చేస్తారు. మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరతారు. చివర్లో నాలుగు మూలలకీ మడిచిన చిన్న గుడ్డముక్కలు కుడతారు, ఫూల అంటారు. అది లేకపోతే బొంత బట్టల్లేనట్టే అని వాళ్ల లెక్క. నీకు ఓపికుంటే అమ్మమ్మ చీర అంచుతో నువ్వూ పెట్టొచ్చు.

అంచు పని సులువే. అడుగున మిగిల్చిన 2 అంగుళాలని రెండు మడతలు వేసి పైకి తిప్పి హెమ్మింగ్ చెయ్యి. అప్పుడు కచ్చా కుట్లు లాగెయ్, చల్లనీళ్లలో చేత్తో ఉతుకు, నీడన పరిచి ఆరబెట్టు. ఇస్త్రీ కావాలంటే కింద టవలు వేసి, బొమ్మని బోర్లించి చెయ్యి.

అక్కకి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పు. ఏడాది నిండేదాకా పడుకున్న బిడ్డ మీద వదులుగా దుప్పటి, బొంత కప్పొద్దంటారు పిల్లల డాక్టర్లు. మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించుకోమను. మనల్నీ అలా పాత చీరల మీదే పడుకోబెట్టేవాళ్లు.

ఆదివారం మల్లేశ్వరం రా. చీరలు మూడూ తీసుకురా. ఆ నీలం చీరకి మాత్రం నేను చూసేదాకా కత్తెర పెట్టకు, అది అమ్మమ్మ హిందూపురంలో మీ అమ్మ పురుడప్పుడు కొనుక్కున్నది.

మీ పెద్దమ్మ