పాఠకుల ప్రశ్నలు: పరాయి ఊళ్లో ఒక్కరే తిరగడం ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బెంగళూరు నుంచి జర్మనీకి చదువుకు వెళ్లేవాళ్లవి, వెళ్లినవాళ్లవి, వాళ్ల ఇళ్లలోవాళ్లవి ఎక్కువ. నాలుగు బెర్లిన్ గురించే కాబట్టి వాటికి ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: అక్టోబరులో ఎమ్మెస్‌కి బెర్లిన్ వెళ్తున్నాను. ఇన్నేళ్లలో ఎక్కడికీ ఒక్కదాన్నే వెళ్లలేదు. కాలేజీకి కూడా కాలేజీ బస్సే. ఈ ఆరు వారాల్లో ఇక్కడే కాస్త అలవాటు చేసుకోవచ్చా?
– పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: చేసుకోవచ్చు, ఆరు వారాలు చాలు. చిక్కల్లా ఒక్కటే, బెంగళూరులో తెలుగువాళ్లు దారి తప్పడం కష్టం. మారతహళ్లి పీజీ నుంచి కె.ఆర్. మార్కెట్ పూలకొట్టు దాకా ఎవరో ఒకరు తెలుగులోనే చెప్పేస్తారు. అందుకని ఈ ఆరు వారాలూ తెలుగు, హిందీ, ఇంగ్లీషు పక్కన పెట్టి కన్నడంలోనే అడగండి. ‘ఎల్లిదె’ (ఎక్కడుంది), ‘ఈ బస్ ఎల్లిగె హోగుత్తె’ (ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది), ‘ఎష్టు’ (ఎంత), ‘నిధానవాగి హేళి’ (నిదానంగా చెప్పండి) అన్నవి వస్తే పని మొదలెట్టవచ్చు. సరిగా రాని భాషలో ముక్కూమొహం తెలియనివాళ్లని ఆపి అడగడానికే మనకి సిగ్గు. అది ఇక్కడే పోగొట్టుకుంటే బెర్లిన్‌లో సగం పని అయినట్టే.

మొదటి ఆదివారం మీ స్టేషన్‌లో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో దిగండి. అక్కడ గ్రీన్ లైన్‌కి మారి, సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్లే రైల్లో తర్వాతి స్టేషన్ చిక్కపేటలో దిగండి. ఫోన్ బ్యాగులో వేసి, గల్లీల్లోంచి అడుగుతూ నడుచుకుంటూ కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్ చేరండి. ఒక్కరినే అడిగి ఊరుకోవద్దు. తెలియకపోయినా తెలిసినట్టు చెయ్యి చూపించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇద్దరు ఒకే వైపు చూపిస్తే అటు నడవండి. మెట్రోలో గమనించాల్సింది చివరి స్టేషన్ పేరు: ఛల్లఘట్ట వైపా, వైట్‌ఫీల్డ్ వైపా అని. బెర్లిన్‌లోనూ ప్లాట్‌ఫారం మీద దిక్కు ఇలా చివరి స్టేషన్ పేరుతోనే రాసి ఉంటుంది.

తర్వాతి రెండు వారాలు బీఎంటీసీ బస్సు. కన్నడ బోర్డు చదవడం తెలుగువాళ్లకి పెద్ద పనేం కాదు, తలకట్టు తేడాకి కన్ను అలవాటు పడితే చాలు. నాలుగో వారం తెలియని పేటలో, నిలబడి తినే దర్శిని కాకుండా కుర్చీలున్న హోటల్లో ఒక్కరే కూర్చుని, ఫోన్ చూడకుండా భోంచేయండి. నవ్వకండి, చాలామందికి మెట్రో మారడం కంటే ఇదే కష్టం. మిగిలిన రెండు వారాల్లో ఏది ఇబ్బందిగా అనిపించిందో దాన్నే మళ్లీ చేయండి.

ప్రశ్న: బెర్లిన్ వచ్చి రెండు నెలలైంది. మేం ఐదుగురం తెలుగువాళ్లం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. యూనివర్సిటీ, సూపర్ మార్కెట్ తప్ప ఏం చూసినా గుంపుగానే. ఒక్కణ్నే బయటికి వెళ్లాలంటే ఏదో బెరుకు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పాఠకుడు, బెర్లిన్ (ఇల్లు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: ఐదుగురు వెళ్తే మ్యాప్ చూసేది ఒక్కడే, మిగతా నలుగురూ వాడి వీపు చూస్తూ నడుస్తారు. అలా రెండేళ్లు తిరిగినా ఊరు తెలియదు. వారానికి ఒక్కసారి, మూడు గంటలు, ఒక్కరే. ఆరు వారాలు ఇది తప్పకుండా చేయండి.

మొదటిసారి రింగ్‌బాన్ ఎక్కండి. ఊరి చుట్టూ తిరిగే ఎస్-బాన్ రైలు అది: 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, సుమారు గంట. ఎస్41 గడియారం ముల్లు తిరిగే వైపు, ఎస్42 దానికి ఎదురు వైపు. నిద్రపోయినా ఎక్కినచోటికే వస్తారు కాబట్టి భయం లేదు. అయితే దక్షిణం వైపు ఇవే పట్టాల మీద ఎస్45, ఎస్46, ఎస్47 కూడా నడుస్తాయి. అవి కొంతదూరం వచ్చి పక్కకి తిరిగిపోతాయి. నమ్మ మెట్రోలో ఒక ప్లాట్‌ఫారానికి ఒకే లైను కదా అని, వచ్చిన రైలల్లా ఎక్కేసేది మనవాళ్లే. ముందు బోర్డు మీద నంబరు చూడండి. ఎస్-బాన్ తలుపు దానంతట అది తెరుచుకుంటుందని నిలబడితే రైలు వెళ్లిపోవచ్చు, మీట నొక్కాలి.

మధ్యలో రెండు చోట్ల దిగండి. ట్రెప్టవర్ పార్క్‌లో దిగితే పక్కనే స్ప్రే నది. టెంపెల్‌హోఫ్‌లో దిగితే 2008లో మూతపడ్డ విమానాశ్రయం. 2010 నుంచి దాన్ని జనానికి వదిలేశారు, రన్‌వే మీద ఎంతదూరమైనా నడవవచ్చు.

టికెట్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తినేది అక్కడే. యూనివర్సిటీ ద్వారా వచ్చే సెమిస్టర్ టికెట్ ఉంటే చింత లేదు. తనిఖీలో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కూడా అడుగుతారు, దగ్గర ఉంచుకోండి. అది లేకపోతే 24 గంటల టికెట్ కొనండి. మామూలు సింగిల్ టికెట్ రెండు గంటలు చెల్లుతుంది కానీ ఒకే దిక్కుకి. దాంతో చుట్టు తిరిగి రావడం, వెనక్కి రావడం కుదరదు. కాగితం టికెట్‌ని రైలెక్కే ముందే ప్లాట్‌ఫారం మీది చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. గేట్లు ఉండవు, కండక్టరు ఉండడు, మామూలు బట్టల్లో ఎవరో లేచి టికెట్ అడుగుతారు. ముద్ర లేని టికెట్ అసలు టికెట్ కిందే లెక్క కాదు, 60 యూరోలు కట్టాలి. ఏ, బీ జోన్ల టికెట్‌తో విమానాశ్రయానికి వెళ్లి దొరికిపోయేవాళ్లూ ఉన్నారు. అది సీ జోన్‌లో ఉంది.

రెండోసారి జూ స్టేషన్ దగ్గర 100 నంబరు బస్సెక్కి, పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా వెళ్లండి. తిరిగి బ్రాండెన్‌బర్గ్ గేటు దాకా నడక. ఊంటర్ డెన్ లిండెన్ అనే వీధి మీదుగా దాదాపు తిన్నగానే దారి. మ్యాప్ తీయకండి. అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లోని టీవీ టవర్ ఎత్తు 368 మీటర్లు, అది వీపు వెనక ఉన్నంతసేపూ మీరు సరైన దారిలోనే ఉన్నారు. మబ్బు పట్టిన రోజు దాని తల కనపడదు, అప్పుడు దారినపోయేవాళ్లని అడగాలి. అడగడమే కదా మనకి కావాల్సింది!

మూడోసారి ఏదో ఒక పని పెట్టుకుని వెళ్లండి. ఊరికే తిరగడం కంటే అరకిలో బెండకాయలు కొనుక్కురావడం గట్టి పరీక్ష. మంగళ, శుక్రవారాల్లో మైబాఖూఫర్ అనే వీధిలో, కాలవ ఒడ్డున టర్కీవాళ్ల సంత జరుగుతుంది. కొత్తిమీర, వంకాయ, బెండకాయ దొరుకుతాయి. చిల్లర నోట్లు పట్టుకెళ్లండి.

నాలుగోసారి ఒక అడ్రసు వెతకండి. బెర్లిన్‌లో పాత వీధులు కొన్నింటిలో ఇంటి నంబర్లు ఒక వరసలో చివరిదాకా పెరుగుతూ పోయి, అవతలి వరసలో వెనక్కి తిరిగి వస్తాయి. 12కి ఎదురుగా 140 ఉండవచ్చు. వీధి మొదట్లో బోర్డు మీద ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అని రాసి ఉంటుంది, అది చదివి కదలండి. ఒకే పేరున్న వీధులు వేరువేరు పేటల్లో ఉంటాయి కాబట్టి ఐదంకెల పిన్‌కోడ్ లేని అడ్రసు నమ్మవద్దు. గుమ్మం దగ్గర ఫ్లాట్ నంబరు కాదు, బెల్లు పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది. స్నేహితుడి ఇంటిపేరు తెలియక గేటు బయటే నిలబడిపోయే అవస్థ ఇదే.

మిగతా రెండు వారాలు మీ ఇష్టం. ఫుట్‌పాత్ మీద ఎర్రగా పరిచిన పట్టీ సైకిళ్లది, దాని మీద నడిస్తే అరుస్తారు, కోపం తెచ్చుకోవద్దు. ఆదివారం కొట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి కొన్ని తప్ప. తిండి బ్యాగులో ఉండాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగుకల్లా చీకటి పడుతుంది, పొద్దున పదికే బయల్దేరండి.

ప్రశ్న: మా అమ్మాయి బెర్లిన్‌లో ఒక్కతే తిరుగుతోంది. లైవ్ లొకేషన్ పెట్టమంటే విసుక్కుంటోంది. ఫోన్ ఎత్తకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.
– ఒక తల్లి, వైట్‌ఫీల్డ్

జవాబు: రోజంతా లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ చార్జింగ్ తొందరగా అయిపోతుంది. చలికాలంలో బ్యాటరీ అసలే నిలవదు. మీరు చూస్తున్న చుక్క ఆగిపోతే అప్పుడు మరీ కంగారు. బదులుగా రెండు మెసేజ్‌లకి ఒప్పందం చేసుకోండి: బయల్దేరేటప్పుడు ఎక్కడికి, ఎన్నింటికి వస్తుంది అని ఒకటి, గదికి చేరాక ఒకటి. చెప్పిన టైము దాటాక గంట ఆగి, ముందు రూమ్మేట్‌కి చేయండి. ఆ నంబరు, ఇంటి అడ్రసు మీ దగ్గర కాగితం మీద ఉండాలి. ఒక లెక్క గుర్తుంచుకోండి: అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్లకీ తేడా మూడున్నర గంటలు, ఆ తర్వాత మార్చి చివరి ఆదివారం దాకా నాలుగున్నర. ఏడింటికి వస్తానన్న పిల్ల వేసవిలో మనకి పదిన్నరకి వచ్చినట్టు, చలికాలంలో పదకొండున్నరకి.

ప్రశ్న: ఫోన్ ఆగిపోయి, దారీ తెలియకపోతే ఏం చేయాలి?
– పాఠకుడు, బన్నేరుఘట్ట రోడ్డు

జవాబు: స్టేషన్ వెతకండి. నీలం చదరంలో తెల్లటి ‘యు’ అక్షరం ఉంటే ఊ-బాన్ (అక్కడి మెట్రో), ఆకుపచ్చ గుండ్రంలో తెల్లటి ‘ఎస్’ ఉంటే ఎస్-బాన్. లోపల గోడ మీద రైళ్ల మ్యాప్ ఉంటుంది. ఊ-బాన్ ప్లాట్‌ఫారాల మీద మీట నొక్కి మాట్లాడే స్తంభాలుంటాయి. శుక్ర, శనివారం రాత్రులు ఊ-బాన్ చాలా లైన్లలో తెల్లవార్లూ నడుస్తుంది. మిగతా రాత్రుల్లో అది ఆగాక అదే దారిలో ‘ఎన్’తో మొదలయ్యే నంబరు బస్సులు తిరుగుతాయి. యు8 దారిలో ఎన్8 అన్నట్టు. ఎవరైనా వెంటపడుతున్నారనిపిస్తే బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చోండి. పోలీసులకి 110, అంబులెన్స్‌కి, అగ్నిమాపక దళానికి 112.

పర్సులో ఒక అట్టముక్క పెట్టుకోండి. పిన్‌కోడ్‌తో ఇంటి అడ్రసు, దగ్గరి స్టేషన్ పేరు, అక్కడికి వచ్చే లైను నంబరు, రూమ్మేట్ ఫోన్ నంబరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసి, దాంతోపాటు 20 యూరోల నోటు మడిచి పెట్టండి. పెన్సిల్‌తో రాయండి, వానకి తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది.