మొదటి .22 పిస్టల్ కొనబోతున్న మేనల్లుడికి

చి॥ కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. గ్రీన్ కార్డ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో సంబరంగా చెప్పింది. అది వచ్చాక నువ్వు మొట్టమొదట కొనాలనుకుంటున్నది పిస్టల్ అని మాత్రం ఆవిడకి తెలిసినట్టు లేదు. ఆ మాట నువ్వే చెప్పుకో, నన్ను ఇరికించకు.

9 ఎంఎం తూటా పిస్టల్ తీసుకోనా, దానికంటే చిన్న తూటా వాడే .22 తీసుకోనా అని అడిగావు. కాగితం టార్గెట్ మీద గురి కుదుర్చుకోవడం, వీలైనప్పుడు సరదాగా డబ్బాలు పడగొట్టడం, ఇంతే నీ పని అయితే .22 తప్ప వేరే ఆలోచన పెట్టుకోకు. ఏ .22 అన్నదే చూడాలి. దానికంటే ముందు కాగితాల సంగతి.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ కొనుక్కోవచ్చు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, అది కూడా నువ్వుండే రాష్ట్రంలోనే కొనాలి. 4473 అనే ఫారం నింపుతావు, నీకు తుపాకీ అమ్మొచ్చో లేదో తేల్చడానికి వాళ్లు ఎఫ్‌బీఐ చెక్ నడుపుతారు. పేరు గ్రీన్ కార్డ్ మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయి. మన ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారుతుంటుంది కదా, అక్కడే చిక్కు. చెక్ ఒక్కోసారి ‘డిలే’ అని వస్తుంది, కంగారుపడక్కర్లేదు. నువ్వుండే టెక్సస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్యకైతే ముందు పర్మిట్ ఉండాలి. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఒప్పుకున్న మోడళ్ల జాబితా, పది రోజుల ఆగుడు ఉంటాయి. కాబట్టి ఈ ఉత్తరం వాడికి ఫార్వర్డ్ చేసి ఊరుకోకు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నీ ఫ్రెండ్స్‌లో సగం మంది ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నారు. వాళ్లు తుపాకీ కొనడమే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, అద్దెకి తీసుకున్నా అదే లెక్క. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అయితే వాట్సాప్‌లో ఎవరో చెప్పారని కాకుండా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి రమ్మను. ‘ఒక్కసారి ఇవ్వరా, ఫోటో దిగుతా’ అన్నవాడికి మొహమాటపడి ఇచ్చావంటే వాడి వీసాతో పాటు నీ కార్డు కూడా చిక్కులో పడుతుంది. వేరేవాళ్ల కోసం నీ పేరు మీద కొనడం అయితే పెద్ద నేరమే.

సరే, అసలు విషయానికి వద్దాం. .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచీ ఉంది. పేరులో రైఫిల్ ఉన్నా పిస్టల్‌కీ ఇదే. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. 9 ఎంఎం తూటా అడుగున మధ్యలో ప్రైమర్ బిళ్ల విడిగా కనిపిస్తుంది, .22కి అది ఉండదు. అంటుకునే మందు అడుగు అంచు లోపల చుట్టూతా ఉంటుంది, పిన్ వచ్చి ఆ అంచుని నొక్కేస్తుంది. అంచు నలగాలంటే రేకు పల్చగా ఉండాలి. రేకు పల్చగా ఉంటే ఎక్కువ ప్రెషర్‌ని తట్టుకోలేదు. అందుకే దీని బలం తక్కువ, వెనక్కి తన్నడమూ తక్కువే. మామూలు .22 బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. 9 ఎంఎంలో ఎక్కువగా వాడేది 115 గ్రెయిన్లు.

వెనక్కి తన్నకపోవడం వల్ల లాభం ఏమిటంటే, పేలే ముందే ఉలిక్కిపడే అలవాటు పట్టుకోదు. 9 ఎంఎంతో మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది దెబ్బ వస్తుందని తెలిసి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మణికట్టు కిందికి వంచేస్తారు. రంధ్రాలన్నీ టార్గెట్‌కి కింద ఎడమ పక్క పడుతుంటాయి. ‘సైట్స్ (గురి చూసే గుర్తులు) సరిగ్గా లేవు’ అని తుపాకీని తిడతారు. .22లో అప్పుడప్పుడు అంచులో మందు సరిగ్గా పరుచుకోని తూటా ఒకటి తగులుతుంది, టిక్‌మని పేలకుండా ఊరుకుంటుంది. ఆ టిక్ దగ్గర తుపాకీ మూతి కదిలిందా లేదా గమనించు. కదిలితే తప్పు నీ చేతిదే. దీనికంటే మంచి కోచ్ దొరకడు, ఫీజూ లేదు. కానీ పేలలేదని వెంటనే తీసి చూడకు. మూతి టార్గెట్ వైపే ఉంచి అరనిమిషం ఆగి, ఆ తర్వాతే ఖాళీ చెయ్యి. ఆలస్యంగా పేలేవీ ఉంటాయి.

ఖర్చు సంగతి కూడా చూడు. .22 తూటా ధర 9 ఎంఎం ధరలో మూడో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. అదే డబ్బుకి మూడింతలు కాలుస్తావు, చెయ్యి కుదిరేది అక్కడే.

ఇక షాపులో. గ్లాస్ కౌంటర్ కింద రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకం చూడ్డానికి 9 ఎంఎం పిస్టల్‌లాగే ఉంటుంది, ప్లాస్టిక్ ఒళ్లు, పైన కదిలే స్లైడ్. గ్లాక్ 44, టారస్ టీఎక్స్22, రూగర్ ఎస్ఆర్22 ఈ కోవలోవి. రెండో రకం పాతకాలపు టార్గెట్ పిస్టల్స్, బుల్లెట్ బయటికొచ్చే గొట్టం, అంటే బ్యారెల్, ఒంటికి బిగించి ఉంటుంది, వెనక బోల్ట్ అనే ముక్క మాత్రమే కదులుతుంది. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ ఈ వరసలోవి. కుర్రాళ్ల కళ్లు మొదటి రకం మీదకే పోతాయి, నీవీ పోతాయి. ఇంట్లో అదే మోడల్ 9 ఎంఎం ఉండి, చవగ్గా సాధన చెయ్యాలనుకునేవాళ్లకి అవి పనికొస్తాయి. నీకు ఆ 9 ఎంఎం లేదు కదా. నువ్వు రెండో రకమే తీసుకో.

కారణం ట్రిగ్గర్. టార్గెట్ పిస్టల్‌లో ట్రిగ్గర్ కొద్దిగా వెనక్కి వచ్చి గోడకి ఆనినట్టు ఆగుతుంది, ఇంకాస్త బరువు వేస్తే పుల్ల విరిగినట్టు పుటుక్కున వదులుతుంది. ప్లాస్టిక్ పిస్టల్స్‌లో చాలావాటికి అది సాగుతుంది, ఎక్కడ వదులుతుందో తెలియదు. తెలియనప్పుడు నువ్వు లాగుతావు, లాగితే మూతి కదులుతుంది. రెండోది సైట్స్. ఇక్కడ అవి బ్యారెల్‌తో కలిసి ఉంటాయి, ఒకదాన్ని విడిచి ఒకటి కదలవు. మూడోది బరువు. సుమారు కిలో బరువుండే పిస్టల్ చేతిలో తొణకదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం, టీమ్‌కి బంగారం తెచ్చింది కదా, ఆ పోటీ .22 తోనే జరుగుతుంది. ఆ పిస్టల్స్ ఖరీదు నీకూ నాకూ అందేది కాదనుకో, కానీ వాటి ఒడుపు కూడా ఇదే.

రూగర్ కంపెనీ 1949లో మొదలైందే ఇలాంటి .22 పిస్టల్‌తో, అప్పట్లో ధర ముప్పై ఏడున్నర డాలర్లు. ఆ వరసలో పాత మోడళ్లు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించడం ఒక యజ్ఞం అని పేరు పడ్డాయి. 2016లో వచ్చిన మార్క్ 4లో వెనక ఒక బటన్ నొక్కితే మడత విప్పినట్టు తెరుచుకుంటుంది. ఎవరైనా పాత మార్క్ 3 చవగ్గా ఇస్తానంటే ఈ సంగతి గుర్తుపెట్టుకుని బేరమాడు. పాత మార్క్ 4 దొరికితే 2017లో సేఫ్టీ విషయమై కంపెనీ వెనక్కి పిలిచిన వాటిలో అది ఉందేమో సీరియల్ నంబర్‌తో చూసుకో.

మార్క్ 4లోనే 22/45 అని ఇంకో రకం ఉంది, దాని పిడి వాలు వేరు. బక్ మార్క్ పిడి ఇంకోలా ఉంటుంది. ఇక్కడ నా సలహా పనికిరాదు, నీ చెయ్యే చెప్పాలి. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, గురి పెట్టినట్టు పట్టుకుని, కళ్లు తెరువు. ముందు సైట్ వెనక గాడిలో మధ్యన నిలబడి ఉంటే అది నీ పిస్టల్. పైకో కిందికో పోయి ఉంటే పక్కన పెట్టెయ్. చాలా రేంజ్‌లలో అద్దెకిస్తారు, కొనేముందు రెండు మూడు కాల్చి చూడు. రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్క చూపించి గురికి సాయపడే అద్దం, ఇప్పుడే పెట్టకు. ముందు సైట్ స్పష్టంగా, టార్గెట్ కాస్త మసగ్గా కనిపించడం అలవాటయ్యాక పెట్టుకోవచ్చు. నా కళ్లకి అది తప్పనిసరి అయింది, నీకింకా టైముంది. కౌబాయ్ సినిమా రివాల్వర్‌లాంటి రూగర్ రాంగ్లర్ మీద కూడా మనసు పడతావు. చవకే, సరదాకి బాగుంటుంది, రెండో పిస్టల్‌గా చూద్దాం.

తూటాలు ఒకే బ్రాండ్ పెద్ద డబ్బా కొనెయ్యకు. .22 పిస్టల్స్‌కి తిండి విషయంలో పట్టింపు ఎక్కువ. ఒకదానికి సరిపడింది ఇంకోదానికి అడ్డం పడుతుంది. నాలుగు రకాలు చిన్న పెట్టెలు తెచ్చి, ఏది ఆగకుండా పోతోందో, ఏది ఒకచోట గుంపుగా పడుతోందో చూసుకుని అప్పుడు డబ్బా కొను. సీసీఐ కంపెనీ ‘స్టాండర్డ్ వెలాసిటీ’ రకంతో మొదలుపెట్టు. తూటాలు పెట్టే మ్యాగజైన్‌లో పది పడతాయి. పక్కనున్న బొడిపెని బొటనవేలితో కిందికి లాగి తూటాలు వేస్తావు కదా, ఆ బొడిపెని ఒక్కసారిగా అడుగుదాకా లాగి గలగలా పోసెయ్యకు. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక్కి పడితే రెండూ పెనవేసుకుని మధ్యలో జామ్ అవుతుంది. ఒక్కో తూటాకి సరిపడా మాత్రమే లాగుతూ వెయ్యి. వేళ్లు నల్లగా జిడ్డవుతాయి, అది సీసం, మైనం. ఇంటికొచ్చాక కాదు, రేంజ్‌లోనే చన్నీళ్లతో సబ్బుతో కడుక్కుని తర్వాతే ఏదైనా తిను. ఆ బట్టలతో పాపని ఎత్తుకోకు.

చప్పుడు చిన్నదే కదా అని చెవులకి ఏమీ పెట్టుకోకుండా కాల్చకు, .22 పిస్టల్ కూడా చెవిని పాడుచేస్తుంది. కళ్లజోడు సరేసరి, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఎగిరి ఎక్కడైనా పడతాయి. షర్టు కాలర్ గుండీ కూడా పెట్టుకో, వేడి గొట్టం మెడలోంచి లోపల పడితే చేతిలో తుపాకీ ఉందని మర్చిపోయి గంతులేస్తారు. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే, నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ బయటే. వీటికి మినహాయింపు లేదు. ఇంట్లో లాక్ ఉన్న పెట్టె కొన్న రోజే కొను, పిస్టల్ బిల్లుతో పాటే. లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం కూడా.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ విడిగా పెట్టుకో, దాన్ని ఇంక దేనికీ వాడకు. .22 తూటా నీ చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా ఉండదు, లైనింగ్ కుట్లలోకి జారిపోతే కనిపించదు. అదే బ్యాగ్ వేసుకుని సంక్రాంతికి ఇంటికి బయల్దేరితే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌కి మాత్రం కనిపిస్తుంది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా అక్కడ ఆయుధాల చట్టం కింద కేసే. పండగ పోలీస్ స్టేషన్‌లో చేసుకోవాలి.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికి మా ఇంటికి రా. నా మార్క్ 4, బక్ మార్క్ రెండూ తెస్తాను, రేంజ్‌లో విక్టరీ అద్దెకి తీసుకుందాం. మూడూ ఏడు గజాల దూరంలో కాల్చు, ఎవరూ చెప్పకుండానే ఏది కావాలో నీకే తెలుస్తుంది. చెవులకి మఫ్స్ అదనంగా ఒక జత నా దగ్గర ఉంది, కొనకు. అత్తయ్య పెసరట్లు వేస్తానంది, కాబట్టి ఖాళీ కడుపుతో రా.

మీ మామయ్య